డిస్క్‌లో 200 జీబీ ఖాళీ, ఆటోఎక్స్‌టెండ్ ఆన్‌లోనే ఉంది... అయినా ఓరా-01653 ఎందుకు వస్తోంది?

పొద్దెరగని_డీబీఏ:
అందరికీ నమస్కారం. డెవలపర్‌గా ఉన్నవాణ్ణి ఈమధ్యే డీబీఏ (డేటాబేస్ నిర్వహణ) టీమ్‌లో వేశారు. ఒరాకిల్ 19సీ, లైనక్స్ సర్వర్. రాత్రి నడిచే సేల్స్ లోడింగ్ జాబ్ మధ్యలో ఆగిపోతోంది. లాగ్‌లో ఉన్నది ఇది (టేబుల్‌ని పెంచడానికి టేబుల్‌స్పేస్‌లో చోటు దొరకలేదని):

ఓరా-01653: అనేబుల్ టు ఎక్స్‌టెండ్ టేబుల్ సేల్స్.ఇన్‌వాయిస్_లైన్స్ బై 8192 ఇన్ టేబుల్‌స్పేస్ సేల్స్_డేటా

డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే ఆ మౌంట్ పాయింట్‌లో 200 జీబీ పైనే ఖాళీ కనిపిస్తోంది. ఫైల్‌కి ఆటోఎక్స్‌టెండ్ (నిండితే ఫైల్ తనంతట తానే పెరిగే ఏర్పాటు) ఆన్‌లోనే ఉంది. మా లీడ్ "టేబుల్‌స్పేస్ పెంచు" అని ఒక్క ముక్క చెప్పి లీవులో వెళ్ళిపోయారు. స్థలం ఉండగా స్థలం లేదంటే ఎలా? అసలు టేబుల్‌స్పేస్, సెగ్మెంట్, ఎక్స్‌టెంట్ అంటే ఏంటో కూడా ఎవరైనా మొదటినుంచి చెప్తే పుణ్యం ఉంటుంది. కోచింగ్‌లో ఎస్‌క్యూఎల్ తప్ప ఇంకేమీ చెప్పలేదు.

బందరు_లడ్డు:
బ్రో, టెన్షన్ పడకు. ఆ టేబుల్‌లో పాత సంవత్సరాల రోలు (డేటా వరుసలు) డిలీట్ చేసెయ్. ఖాళీ అవుతుంది, జాబ్ నడుస్తుంది.

ఇండెక్స్_అక్క:
లడ్డూ, ప్రొడక్షన్‌లో డేటా తీసెయ్యమని అంత తేలిగ్గా చెప్పకు. పైగా అలా డిలీట్ చేస్తే టేబుల్‌స్పేస్‌కి ఒక్క ఎంబీ కూడా తిరిగి రాదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

పొద్దెరగని తమ్ముడూ, ముందు ఆ మెసేజ్‌ని నిదానంగా చదువు. అందులో "బై 8192" అని ఉంది చూడు. చాలామంది దాన్ని ఎంబీలు అనుకుంటారు, కానీ అవి బ్లాకులు, అంటే ఒరాకిల్ డేటా దాచుకునే చిన్న సమాన ముక్కలు. నీ బ్లాక్ సైజ్ 8 కేబీ అయితే (మార్చకపోతే అంతే ఉంటుంది) 8192 బ్లాకులంటే 64 ఎంబీ. అంటే ఆ టేబుల్ ఒకేచోట వరుసగా 64 ఎంబీ ముక్క అడిగింది, సేల్స్_డేటా టేబుల్‌స్పేస్ ఇవ్వలేకపోయింది. డిస్క్ దాకా విషయం వెళ్ళనే లేదు.

ఇప్పుడు డీబీఏ_డేటా_ఫైల్స్ వ్యూలో ఆ టేబుల్‌స్పేస్ పేరు పెట్టి ఫైల్_నేమ్, బైట్స్, ఆటోఎక్స్‌టెన్సిబుల్, మ్యాక్స్‌బైట్స్ కాలమ్‌లు తీసి ఇక్కడ పెట్టు.

పొద్దెరగని_డీబీఏ:
ఒక్కటే రో వచ్చింది అక్కా.
ఫైల్: సేల్స్01.డీబీఎఫ్
బైట్స్: 34359721984
ఆటోఎక్స్‌టెన్సిబుల్: ఎస్
మ్యాక్స్‌బైట్స్: 34359721984

ఫైల్ తయారు చేసినవాళ్ళు మ్యాక్స్‌సైజ్ అన్‌లిమిటెడ్ అని ఇచ్చారట. పాత స్క్రిప్ట్‌లో చూశాను.

డల్లాస్_బావ:
దొరికింది. బైట్స్, మ్యాక్స్‌బైట్స్ రెండూ ఒకటే అయ్యాయంటే ఆ ఫైల్ పెరగాల్సినంతా పెరిగిపోయింది. అన్‌లిమిటెడ్ అని రాసినా మామూలు డేటాఫైల్ 8 కేబీ బ్లాక్‌తో 32 జీబీ దాటదు. డిస్క్‌లో రెండు టీబీ ఖాళీ ఉన్నా అంతే.

మందు చిన్నదే. అదే టేబుల్‌స్పేస్‌కి రెండో ఫైల్ కలుపు:

ఆల్టర్ టేబుల్‌స్పేస్ సేల్స్_డేటా యాడ్ డేటాఫైల్ '/యూ02/ఒరాడేటా/ప్రాడ్/సేల్స్02.డీబీఎఫ్' సైజ్ 4జీ ఆటోఎక్స్‌టెండ్ ఆన్ నెక్స్ట్ 512ఎం మ్యాక్స్‌సైజ్ 31జీ;

డేటాబేస్ ఆపక్కర్లేదు, యూజర్లను బయటికి పంపక్కర్లేదు. ఎంటర్ కొట్టేముందు మూడు విషయాలు చూసుకో. పాత్ మొదటి ఫైల్ ఉన్నచోటేనా కాదా. మీది ఆర్ఏసీ (ఒకే డేటాబేస్‌ని రెండు మూడు సర్వర్లు, అంటే నోడ్‌లు, కలిసి నడిపే ఏర్పాటు) అయితే పాత్ బదులు '+డేటా' లాంటి డిస్క్‌గ్రూప్ పేరు ఇవ్వాలి. అలవాటులో ఒక నోడ్ లోకల్ డిస్క్ మీద ఫైల్ పెట్టేశావనుకో, రెండో నోడ్‌కి ఆ ఫైల్ కనపడక ఎర్రర్లు మొదలవుతాయి. ఇక స్టాండ్‌బై డేటాబేస్ (అసలుది పడిపోతే వాడుకునే నకలు) ఉంటే అక్కడ స్టాండ్‌బై_ఫైల్_మేనేజ్‌మెంట్ ఆటోలో ఉందో లేదో చూడు. మాన్యువల్‌లో ఉంటే ఇక్కడ ఫైల్ కలపగానే అక్కడ రికవరీ ఆగి కూర్చుంటుంది, ఎవరూ చూడకపోతే మూడు రోజులకి తెలుస్తుంది.

పొద్దెరగని_డీబీఏ:
సింగిల్ నోడే బావగారూ, స్టాండ్‌బై ఆటోలోనే ఉంది. ఫైల్ కలిపాను, జాబ్ మళ్ళీ వేస్తే చివరిదాకా నడిచింది. చాలా థాంక్స్.

కానీ 32 జీబీ అనే లెక్క ఎక్కడిది? అన్‌లిమిటెడ్ అన్నాక ఈ పరిమితి ఏంటి?

ఇండెక్స్_అక్క:
ఇది నాకు ఇష్టమైన ప్రశ్న, కాస్త పెద్ద సమాధానమే రాస్తాను.

టేబుల్‌లో ప్రతి రోకి ఒక చిరునామా ఉంటుంది, రోఐడీ. సెలెక్ట్ రోఐడీ అని రాస్తే 18 అక్షరాల వింత వరుస ఒకటి వస్తుంది. లోపల అది 80 బిట్లు. అందులో 32 బిట్లు ఆబ్జెక్ట్ నంబరు, 10 బిట్లు ఫైల్ నంబరు, 22 బిట్లు ఆ ఫైల్‌లో బ్లాక్ నంబరు, 16 బిట్లు ఆ బ్లాక్‌లో రో నంబరు.

బ్లాక్ నంబరుకి 22 బిట్లే ఉన్నాయంటే ఒక ఫైల్‌లో సుమారు 42 లక్షల బ్లాకుల కంటే ఎక్కువకి చిరునామా రాయలేం. దాన్ని 8 కేబీతో గుణించు, 32 జీబీ వస్తుంది. బ్లాక్ 16 కేబీ అయితే 64 జీబీ, 32 కేబీ అయితే 128 జీబీ. అలాగే ఫైల్ నంబరుకి 10 బిట్లే కాబట్టి ఒక మామూలు టేబుల్‌స్పేస్‌లో 1022 ఫైళ్ళే పడతాయి.

ఒరాకిల్ 10జీ వెర్షన్ నుంచి బిగ్‌ఫైల్ టేబుల్‌స్పేస్ వచ్చింది. అందులో ఒక టేబుల్‌స్పేస్‌కి ఒకే ఫైల్. ఫైల్ ఏదో చెప్పే పని లేదు కాబట్టి ఆ 10 బిట్లు కూడా బ్లాక్ నంబరుకే ఇచ్చేశారు. 22, 10 కలిపితే 32. అందుకే 8 కేబీ బ్లాక్‌తో ఒక్క ఫైలే 32 టీబీ దాకా పోతుంది.

సెల్లార్_సర్వర్:
అక్క చెప్పాక నేనేం చెప్పను, కానీ తమ్ముడు అడిగిన టేబుల్‌స్పేస్, సెగ్మెంట్, ఎక్స్‌టెంట్ సంగతి మిగిలిపోయింది కదా.

ఊరి బయట ఒక వెంచర్ వేశారనుకో. వెంచర్ పేరు సేల్స్_డేటా, అదే టేబుల్‌స్పేస్. కాగితం మీద ఉండే పేరు అది. దాని కింద ఉన్న అసలు నేల డేటాఫైళ్ళు. నేలని సమానమైన గజాల ప్లాట్లుగా కొట్టారు, అవి బ్లాకులు. నువ్వు ఇన్‌వాయిస్_లైన్స్ అనే టేబుల్ పెట్టగానే నీకు ఒక్క ప్లాట్ ఇవ్వరు, పక్కపక్కనే ఉన్న కొన్ని ప్లాట్లు కలిపి ఒక బిట్టుగా ఇస్తారు, అది ఎక్స్‌టెంట్. నీ పేరు మీద వెంచర్‌లో ఎక్కడెక్కడ ఎన్ని బిట్లు ఉన్నాయో అన్నీ కలిపితే సెగ్మెంట్.

ఇందులో రెండు నియమాలు మర్చిపోవద్దు. ఒక ఎక్స్‌టెంట్ ఒకే ఫైల్‌లో ఉండాలి, సగం ఇక్కడ సగం అక్కడ కుదరదు. సెగ్మెంట్ మాత్రం ఎన్ని ఫైళ్ళలోనైనా ఉండొచ్చు, కాకపోతే అవన్నీ ఒకే టేబుల్‌స్పేస్‌వి అయ్యుండాలి. నువ్వు సేల్స్02 కలపగానే పాత టేబుల్ కొత్త ఫైల్‌లోకి ఎలా పెరిగిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

చెప్పింది నమ్మకు, టెస్ట్ డేటాబేస్‌లో చూసుకో. ఒక ఖాళీ టేబుల్ క్రియేట్ చెయ్. వెంటనే డీబీఏ_ఎక్స్‌టెంట్స్‌లో చూస్తే ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో సాధారణంగా ఏమీ ఉండదు. 11జీ రెండో విడుదల నుంచి మొదటి రో పడేదాకా సెగ్మెంటే పుట్టదు. ఇప్పుడు ఒక్క రో వెయ్. ఎక్స్‌టెంట్ ఐడీ 0, బ్లాకులు 8, అంటే 64 కేబీ. ఒక్క రోకి 64 కేబీ! ఇంకా వేస్తూ పో, అప్పుడప్పుడు చూస్తూ ఉండు. మొదటి 16 ఎక్స్‌టెంట్లు 64 కేబీవే వస్తాయి. ఆ తర్వాతది 128 బ్లాకులు, అంటే 1 ఎంబీ. సెగ్మెంట్ 64 ఎంబీ అయ్యాక 8 ఎంబీ ముక్కలు, 1 జీబీ దాటాక 64 ఎంబీ ముక్కలు. నీ ఎర్రర్‌లో 8192 బ్లాకులు అడగడానికి కారణం ఇదే, నీ టేబుల్ ఎప్పుడో ఆ స్థాయికి వెళ్ళిపోయింది. దీన్ని ఆటోఅలొకేట్ అంటారు. యూనిఫామ్ అని పెట్టుకుంటే అన్నీ ఒకే సైజ్‌లో వస్తాయి.

పాత పుస్తకాల్లో పీసీటీఇంక్రీజ్, నెక్స్ట్, మ్యాక్స్‌ఎక్స్‌టెంట్స్ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. డిక్షనరీ మేనేజ్డ్ టేబుల్‌స్పేస్‌ల కాలం నాటివి. 8ఐలో లోకల్లీ మేనేజ్డ్ వచ్చాక ఏ ముక్క ఖాళీ, ఏది కాదు అనేది ఫైల్ మొదట్లో ఉండే బిట్‌మ్యాప్ చూసుకుంటోంది. ఆ అధ్యాయాలు దాటేసెయ్.

బందరు_లడ్డు:
సరే గురువుగారూ. మరి అక్క చెప్తానన్నది? డిలీట్ చేస్తే స్థలం ఎందుకు రాదు? రోలు పోయాయి కదా.

ఇండెక్స్_అక్క:
రోలు పోయాయి, బిట్టు ఎవరి పేరు మీద ఉంది? నీ టేబుల్ పేరు మీదే. డిలీట్ ఎక్స్‌టెంట్‌ని టేబుల్‌స్పేస్‌కి వాపసు ఇవ్వదు. బ్లాకులు లోపల ఖాళీ అవుతాయి, అదే టేబుల్‌లో కొత్త రోలు వేస్తే అక్కడ పడతాయి. మరి పక్క టేబుల్‌కి? ఒక్క బ్లాక్ కూడా దొరకదు.

ఇంకో చిక్కు ఉంది. ఈ సెగ్మెంట్‌లో డేటా ఇప్పటిదాకా ఎంత ఎత్తుకు వెళ్ళిందో ఒరాకిల్ ఒక గీత పెట్టుకుంటుంది, హై వాటర్ మార్క్. ఫుల్ టేబుల్ స్కాన్ ఆ గీత దాకా చదువుతుంది. 20 జీబీ టేబుల్‌లో తొంభై శాతం డిలీట్ చేసినా గీత అక్కడే ఉంటుంది. "సగం డేటా తీసేశాం, రిపోర్ట్ మాత్రం అంతే నెమ్మదిగా ఉంది" అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

మొత్తం డేటా అక్కర్లేదంటే ట్రంకేట్. ఎక్స్‌టెంట్లు వదిలేస్తుంది, గీత కిందికి దిగుతుంది. రోల్‌బ్యాక్ లేదు, జాగ్రత్త. కొంత ఉంచాలంటే డిలీట్ తర్వాత ఆల్టర్ టేబుల్ మూవ్, లేదా రో మూవ్‌మెంట్ ఎనేబుల్ చేసి ష్రింక్ స్పేస్. మామూలు మూవ్ చేస్తే ఇండెక్స్‌లన్నీ అన్‌యూజబుల్ అయిపోతాయి. పొద్దున్నే అప్లికేషన్ వాళ్ళు ఓరా-01502 పట్టుకుని ఫోన్ చేస్తారు, కాబట్టి రీబిల్డ్ మర్చిపోవద్దు. 12.2 నుంచి మూవ్ ఆన్‌లైన్ ఉంది, అది ఇండెక్స్‌లను కూడా చూసుకుంటుంది. మూవ్ చేసేటప్పుడు పాత కాపీ, కొత్త కాపీ రెండూ కాసేపు ఉంటాయి కాబట్టి ముందు ఖాళీ చూసుకోవాలి. నిండిన టేబుల్‌స్పేస్‌లో ఖాళీ చేద్దామని మూవ్ కొడితే మళ్ళీ అక్కడే స్థలం లేదంటుంది.

ఏటేటా పాత డేటా తీసెయ్యాల్సిన టేబుల్ అయితే పార్టిషన్‌లు పెట్టుకుని పాత పార్టిషన్ డ్రాప్ చెయ్యడం అన్నిటికన్నా సుఖం. దానికి వేరే లైసెన్స్ కావాలి, ముందు కనుక్కోండి.

రూట్_యూజర్:
సిస్టమ్ అడ్మిన్ వైపు నుంచి ఒక మాట. ట్రంకేట్ చేసి డీబీఏలు మా దగ్గరికొస్తారు, "50 జీబీ ఖాళీ చేశాం, డీఎఫ్‌లో కనపడట్లేదేంటి" అని. టేబుల్‌స్పేస్ లోపల ఖాళీ అయింది గానీ ఫైల్ సైజ్ ఎక్కడ తగ్గింది? తగ్గించాలంటే మీరే ఆల్టర్ డేటాబేస్ డేటాఫైల్ రీసైజ్ కొట్టాలి. అది కూడా ఫైల్ చివర్లో ఏదైనా చిన్న టేబుల్ ఎక్స్‌టెంట్ ఒక్కటి కూర్చుని ఉంటే ఓరా-03297 ఇస్తుంది. ముందు 30 జీబీ ఖాళీ ఉన్నా సరే. డీబీఏ_ఎక్స్‌టెంట్స్‌లో ఆ ఫైల్ ఐడీకి అన్నిటికన్నా పెద్ద బ్లాక్_ఐడీ ఎవరిదో చూసి, దాన్ని మూవ్ చేసి, మళ్ళీ ప్రయత్నించాలి.

దండం పెడతాను, డీబీఎఫ్ ఫైల్‌ని ఆర్ఎమ్ కమాండ్‌తో మాత్రం తీయకండి. లైనక్స్‌లో ఫైల్ పేరు పోతుంది గానీ ఒరాకిల్ ప్రాసెస్‌లు దాన్ని తెరిచే ఉంచుతాయి. కాబట్టి కాసేపు అన్నీ బాగానే నడుస్తున్నట్టు ఉంటుంది, డీఎఫ్‌లో ఖాళీ కూడా పెరగదు. అలా ఎవరైనా చేసి ఉంటే ఆ క్షణంలో డేటాబేస్‌ని రీస్టార్ట్ చెయ్యొద్దు. ప్రాసెస్ తెరిచి ఉన్నంతవరకే /ప్రాక్ కింద ఆ ఫైల్‌ని పట్టుకునే దారి ఉంటుంది. షట్‌డౌన్ చేశారా, ఇక బ్యాకప్పే దిక్కు.

డల్లాస్_బావ:
మానిటరింగ్ స్క్రిప్ట్‌ల గురించి కూడా చెప్పుకోవాలి, అసలు గొడవలు అక్కడే పుడతాయి. నెట్‌లో దొరికే స్క్రిప్ట్‌లు సగం డీబీఏ_ఫ్రీ_స్పేస్‌ని డీబీఏ_డేటా_ఫైల్స్ బైట్స్‌తో భాగించి శాతం చెప్తాయి. ఆటోఎక్స్‌టెండ్ ఉన్న ఫైల్ ఎప్పుడూ 98, 99 శాతం నిండే ఉంటుంది, ఎందుకంటే అవసరమైనప్పుడే పెరుగుతుంది కదా. అర్ధరాత్రి ఉత్తుత్తి అలర్ట్‌లు వస్తాయి. నాలుగు రోజులకి జనం వాటిని చూడటం మానేస్తారు.

సరే అని మ్యాక్స్‌బైట్స్‌తో లెక్క కడితే ఇంకో ప్రమాదం. ఒక్కోటి 32 జీబీ దాకా పెరిగే ఫైళ్ళు పది పెట్టి, డిస్క్ మాత్రం 200 జీబీ ఇస్తే? స్క్రిప్ట్ "62 శాతమే నిండింది" అంటుంది, అప్పటికే డిస్క్ నిండిపోతుంది. కాబట్టి ఒక మౌంట్ పాయింట్ మీద ఉన్న ఫైళ్ళు ఇంకా ఎంత పెరగగలవో కూడి, డీఎఫ్‌లో ఉన్న ఖాళీతో పోల్చాలి. నేనైతే ఈ ఒక్క లెక్క లేని మానిటరింగ్‌ని మానిటరింగ్ అనను.

డ్రాప్ చేసిన టేబుళ్ళు రీసైకిల్ బిన్‌లో ఉంటాయని కూడా గుర్తుపెట్టుకోండి. డీబీఏ_సెగ్మెంట్స్‌లో బిన్ డాలర్‌తో మొదలయ్యే పేర్లు అవే. ఫ్రీ స్పేస్ వ్యూ వాటిని ఖాళీ కిందే చూపిస్తుంది, అందుకే రెండు వ్యూల లెక్కలు కలవక కొత్తవాళ్ళు తల పట్టుకుంటారు.

విశాఖ_తీరం:
నాదో డౌట్. మా ఆఫీసులో టేబుళ్ళకి ఒక టేబుల్‌స్పేస్, ఇండెక్స్‌లకి వేరే టేబుల్‌స్పేస్ పెట్టాలి, అప్పుడే స్పీడ్ అని సీనియర్లు గట్టిగా చెప్తారు. నిజమేనా?

సెల్లార్_సర్వర్:
ఒకప్పుడు ఒక్కో డిస్క్ విడివిడిగా ఉన్న రోజుల్లో పుట్టిన అలవాటు. అప్పట్లోనూ ఆ కారణం అంత గట్టిది కాదు. ఒక క్వెరీ ముందు ఇండెక్స్ బ్లాక్ చదివి, అందులో దొరికిన రోఐడీ పట్టుకుని టేబుల్ బ్లాక్‌కి వెళ్తుంది. ఒకదాని తర్వాత ఒకటి. ఇప్పుడు కింద స్టోరేజ్ అంతా అన్ని డిస్క్‌ల మీదా పరిచి ఉంటుంది కాబట్టి స్పీడ్ కోసం విడగొట్టి ప్రయోజనం లేదు.

డల్లాస్_బావ:
స్పీడ్ సంగతి ఒప్పుకుంటాను గానీ విడగొట్టడమే దండగ అంటే ఒప్పుకోను. ఇండెక్స్ టేబుల్‌స్పేస్ పాడైతే బ్యాకప్ కోసం చూడకుండా మళ్ళీ కట్టుకోవచ్చు. ఏది ఎంత పెరుగుతోందో విడిగా తెలుస్తుంది.

సెల్లార్_సర్వర్:
మేనేజ్‌మెంట్ సౌకర్యం అంటే ఓకే బావా. స్పీడ్ పేరు చెప్పి చెయ్యొద్దనే నా మాట. నన్నడిగితే అప్లికేషన్‌ని బట్టి విడగొట్టడం మేలు. సేల్స్ వాళ్ళది నిండితే పేరోల్ ఆగకూడదు. ఒరాకిల్ తన సొంత పనికి వాడుకునే సిస్టమ్, సిస్ఆక్స్ టేబుల్‌స్పేస్‌లలో మాత్రం మీ సొంత టేబుళ్ళు పొరపాటున కూడా పెట్టకండి.

పోస్ట్‌గ్రెస్_పిచ్చోడు:
మా వైపు ఇవన్నీ ఇంత పెద్ద కథ కాదు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి టేబుల్ ఒక ఫైలే, 1 జీబీ దాటితే డాట్ 1, డాట్ 2 అంటూ ఇంకో ఫైల్ మొదలవుతుంది. పేజీ 8 కేబీ. టేబుల్‌స్పేస్ అంటే ఉత్త డైరెక్టరీ, దానికి సైజ్ పరిమితి లాంటిదేమీ ఉండదు. డిస్క్ నిండినప్పుడే నిండినట్టు.

ఇండెక్స్_అక్క:
డిలీట్ కథ మాత్రం మీ దగ్గరా ఉంది కదా పిచ్చోడా! డిలీట్ చేసిన రోల చోటుని శుభ్రం చేసే వాక్యూమ్ ఆ ఖాళీని అదే టేబుల్ కోసం దాచిపెడుతుంది, సాధారణంగా ఓఎస్‌కి ఇవ్వదు. ఇవ్వాలంటే వాక్యూమ్ ఫుల్. అది టేబుల్ మొత్తాన్ని లాక్ చేసి కొత్తగా రాస్తుంది, మా మూవ్ లాగే రెండింతల స్థలం అడుగుతుంది.

తమ్ముడూ, వేరే డేటాబేస్‌లకి వెళ్ళినా ఈ పొరలే పేరు మార్చుకుని కనపడతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పేజీ 8 కేబీ, ఎనిమిది పేజీలు కలిపి 64 కేబీ ఎక్స్‌టెంట్, టేబుల్‌స్పేస్ స్థానంలో ఫైల్‌గ్రూప్. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీలో మామూలుగా పేజీ 16 కేబీ, ఎక్స్‌టెంట్ 1 ఎంబీ. అక్కడ 5.6 నుంచి ప్రతి టేబుల్‌కి విడి ఫైల్ డిఫాల్ట్ అయింది. అంతకుముందు అన్నీ ఐబీడేటా1లో పడేవి, ఆ ఫైల్ పెరగడమే గానీ తగ్గడం ఉండేది కాదు.

పొద్దెరగని_డీబీఏ:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. ఒక్కటి మిగిలింది. బ్లాక్ లోపల ఏముంటుంది? పీసీటీఫ్రీ 10 అని ప్రతి టేబుల్‌కీ కనపడుతోంది.

సెల్లార్_సర్వర్:
పైన హెడర్, ఆ కింద ఏ రో ఎక్కడుందో చెప్పే చిన్న పట్టిక. రోలు బ్లాక్ అడుగు నుంచి పైకి పేర్చుకుంటూ వస్తాయి. పీసీటీఫ్రీ 10 అంటే పది శాతం, అంటే 8 కేబీలో సుమారు 800 బైట్లు మిగిలినప్పుడు ఇక కొత్త రోలు వెయ్యకుండా ఆపేస్తుంది. ఆ ఖాళీ అప్‌డేట్‌ల కోసం. ఇన్‌వాయిస్ పెట్టినప్పుడు రిమార్క్స్ ఖాళీగా ఉంటుంది, తర్వాత ఎవరో రెండొందల అక్షరాలు రాస్తారు. చోటు ఉంటే రో అక్కడే పెరుగుతుంది. లేకపోతే రో వేరే బ్లాక్‌కి పోయి, పాతచోట "ఫలానా చోట ఉన్నాను" అని ఒక గుర్తు మిగులుతుంది. దాన్నే రో మైగ్రేషన్ అంటారు, ఒక రో కోసం రెండు బ్లాకులు చదవాల్సి వస్తుంది. ఎప్పుడూ అప్‌డేట్ కాని ఆర్కైవ్ టేబుల్ అయితే పీసీటీఫ్రీ 0 పెట్టుకో, పది శాతం స్థలం మిగులుతుంది.

విశాఖ_తీరం:
చివరగా నాదొకటి. మాకు ఓరా-01652, టెంప్ సెగ్మెంట్‌ని 128 పెంచలేకపోయాను అని వస్తోంది. డీబీఏ_డేటా_ఫైల్స్‌లో టెంప్ టేబుల్‌స్పేస్ (సార్ట్ లాంటి తాత్కాలిక పనులకి వాడేది) కనపడనే లేదు. దానికీ ఫైల్ కలిపెయ్యమంటారా?

ఇండెక్స్_అక్క:
టెంప్ ఫైళ్ళు డీబీఏ_టెంప్_ఫైల్స్‌లో ఉంటాయి, అక్కడ చూడు. 128 బ్లాకులంటే 1 ఎంబీ. ఆ చివరి 1 ఎంబీ అడిగినవాడే దొంగ అనుకోవద్దు, పాపం వాడు చిన్న సార్ట్ చేసుకుంటూ ఉండొచ్చు. ఎర్రర్ వచ్చే సమయానికి వీ డాలర్ టెంప్‌సెగ్_యూసేజ్ తీసి ఎవరి సెషన్ ఎంత మింగిందో చూడు. చాలాసార్లు జాయిన్ కండిషన్ మర్చిపోయిన రిపోర్ట్ ఒకటి దొరుకుతుంది. దాన్ని సరిచెయ్యకుండా 32 జీబీ కలిపితే ఆ 32 కూడా మింగుతుంది. ఒకటి గమనించు: ఆ వ్యూ ఇప్పుడు వాడుతున్నదే చూపిస్తుంది, క్వెరీ పడిపోయాక చూస్తే ఖాళీగా ఉంటుంది. కాబట్టి రాత్రి జాబ్ నడిచే టైమ్‌లో కొద్ది నిమిషాలకోసారి ఆ రోలని ఒక చిన్న టేబుల్‌లో రాసుకునేలా పెట్టుకుని, రేపు పొద్దున ఫలితం ఇక్కడ పెట్టు. ఎస్‌క్యూఎల్ ఐడీ కాలమ్ మర్చిపోకు.